తుపాకీదా తప్పు, తూటాదా, భుజానిదా?

క్లే షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్ళల్ని కాల్చే ఆట) శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ల (గుళ్ళు చిమ్మే, కాల్చగానే తర్వాతి తూటా తామే ఎక్కించుకునే తుపాకుల) గురించే. టెక్సస్ ఉత్తర, మధ్య జోన్లలో సెప్టెంబర్ 1న పావురాల సీజన్ మొదలవుతుంది. అది దగ్గర పడుతోందంటే ఏటా ఇదే వరస. సేఫ్‌లోంచి తుపాకీ బయటికి తీస్తారు, రెండు షెల్స్ (షాట్‌గన్ తూటాలు) కాలుస్తారు, మూడోది ఇరుక్కుంటుంది, నాకు ఉత్తరం రాస్తారు. హ్యూస్టన్ దగ్గర ఒక రిపేరు షాపులో బెంచీ ముందు కూర్చునేవాణ్ణి కాబట్టి ఈ గొడవలన్నీ నాకు రోజూ ఉండేవే. కొన్ని ఉత్తరాలు కుదించి వేస్తున్నాను.

ఒక్క మాట ముందే. కింద చెప్పిన ఏ పనికైనా మేగజీన్ (షెల్స్ వరసగా ఉండే గొట్టం) ఖాళీ, చాంబర్ (షెల్ పేలే చోటు) ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి తడిమాకే దిగండి. ఇంట్లో తుపాకీ ఎత్తి చూసే గదిలో ఒక్క షెల్ కూడా ఉండకూడదు. ఈ మాట ప్రతి జవాబులోనూ మళ్ళీ రాయను, మీరే కలుపుకుని చదువుకోండి.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): అన్నగారూ, పోయిన దీపావళికి మా ఆవిడకి ఇనర్షియా రకం 12 గేజి (గొట్టం లావు కొలత) సెమీ ఆటో కొన్నాను. నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. తన చేతిలో మూడు నాలుగు షెల్స్‌కి ఒకటి ఇరుక్కుంటోంది. ఖాళీ షెల్ బయటికి పోకుండా పోర్ట్ (ఖాళీ షెల్ బయటపడే కంత) దగ్గరే నిలువుగా నిలబడిపోతుంది. భుజం నొప్పి పుట్టకూడదని తనకి 7/8 ఔన్సు తేలిక షెల్స్ ప్రత్యేకంగా తెచ్చాను. అయినా మర్నాటికి చెయ్యి కమిలిపోతోంది. "ఈ తుపాకీకి నేనంటే పడదు" అని అసలు మానేస్తానంటోంది. షాపులో చూపిస్తే లోపమేమీ లేదన్నారు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: తమ్ముడూ, ఇద్దరినీ నమ్మండి. తుపాకీలో లోపం లేదు, మీ ఆవిడ చెప్పేదీ నిజమే. మీరు బరువు షెల్స్, తను తేలిక షెల్స్ కాలుస్తున్నారన్న సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. కాబట్టి ముందు తన షెల్స్ ఒక పాతిక మీరు కాల్చండి. మీ చేతిలోనూ ఇరుక్కుంటే గొడవ షెల్‌ది. మీ చేతిలో చక్కగా నడిస్తే గొడవ తుపాకీని పట్టుకోవడంలో ఉంది. షెల్‌నీ మనిషినీ ఒకేసారి మారిస్తే ఎప్పటికీ ఏమీ తేలదు. నా అంచనా అడిగితే మీ కేసులో రెండూ కలిశాయి.

ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది కాస్త చెప్పాలి. ఈ ఇనర్షియా పద్ధతిని ఇటలీలో బ్రూనో చివొలాని అనే ఇంజనీరు రూపొందించాడు. దాన్ని లోకానికి పరిచయం చేసింది 1967లో మొదలైన బెనెల్లి కంపెనీ. ఇందులో గ్యాస్ రంధ్రాలు, పిస్టన్ ఏవీ ఉండవు. సిటీ బస్సు ఒక్కసారిగా ముందుకు దూకితే నిలబడ్డవాడు వెనక్కి తూలతాడు చూడండి, అదే సూత్రం, దిక్కు మాత్రం తిరగేసి. షెల్ పేలగానే తుపాకీ వెనక్కి దూకుతుంది, బరువైన బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కదిలే ముక్క) బాడీ ఉన్నచోటే ఉండిపోతుంది. దానికీ బోల్ట్ తలకీ మధ్య ఒక పొట్టి, గట్టి స్ప్రింగ్ ఉంది. అది నలుగుతుంది. మరుక్షణం విచ్చుకుని బోల్ట్ బాడీని వెనక్కి విసురుతుంది. ఆ విసురుకి బోల్ట్ తల తిరిగి లాక్ వదులుతుంది, ఖాళీ షెల్ బయటికి పోతుంది, కొత్తది పైకి వస్తుంది.

అంటే ఇక్కడ రెండు జరగాలి. తుపాకీ తగినంత జోరుగా వెనక్కి రావాలి. వచ్చినదాన్ని ఒక భుజం ఆపాలి. షెల్ మరీ తేలికదైతే మొదటిది జరగదు. ఆపే భుజం లేకపోతే తుపాకీ, బోల్ట్ రెండూ కలిసే వెనక్కి వచ్చేస్తాయి, తుపాకీని దాటుకుని వెళ్ళే ఊపు బోల్ట్‌కి మిగలదు. పోర్ట్ దగ్గర నిలబడిపోయే ఖాళీ షెల్ అర్థం అదే. బోల్ట్ పూర్తిగా వెనక్కి పోలేదు.

ఇప్పుడు మీ ఆవిడని ఒకటి అడగండి: మర్నాడు కమిలేది సరిగ్గా ఎక్కడ? కాలర్ ఎముక కింద, భుజం గుంటలో కాకుండా చేతి కండ మీద అయితే స్టాక్ (తుపాకీలో భుజానికి ఆనే వెనక భాగం) ఆమెకి పొడుగు. ట్రిగ్గర్ ముందు భాగం నుంచి బట్ ప్యాడ్ (స్టాక్ చివరి రబ్బరు మెత్త) మధ్య దాకా ఉన్న దూరం కొలవండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి మామూలుగా 14 అంగుళాల నుంచి 14 1/2 దాకా ఉంటాయి. అవి ఐదడుగుల తొమ్మిది, పది అంగుళాల మగవాడిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఐదడుగుల రెండంగుళాల మనిషికి 13, 13 1/2 దగ్గర మొదలుపెట్టి చూడాలి. స్టాక్ పొడుగైతే ప్యాడ్ చంకలో తట్టుకుంటుంది, దాన్ని తప్పించడానికి మనిషి బట్‌ని చేతి మీదికి జరుపుకుంటుంది. ముందున్న బరువు మోయలేక నడుము వెనక్కి వంచి మడమల మీద నిలబడుతుంది. తుపాకీ వెనక్కి వచ్చినప్పుడు అక్కడ ఆపేది ఏముంది? చెయ్యి కమలడం, షెల్ ఇరుక్కోవడం మీకు రెండు సమస్యల్లా కనిపిస్తున్నాయి కానీ ఉన్నది ఒక్కటే.

షాపులో ఆ తుపాకీ ఎత్తి చూసింది మీరే అయి ఉంటారు. ఈసారి ఆమె ఎత్తి చూడాలి.

ముందు పల్చటి రీకాయిల్ ప్యాడ్ వేయించండి. చాలా మోడళ్ళకి కంపెనీయే రెండు మూడు మందాల్లో అమ్ముతుంది. స్టాక్ కోయించడానికి తొందరపడొద్దు. చాలా సెమీ ఆటోల్లో బోల్ట్‌ని ముందుకి నెట్టే స్ప్రింగ్ గొట్టం స్టాక్ లోపలే ఉంటుంది, దాని చివర దాటి కోయడం కుదరదు. అది తెలియని వడ్రంగి చేతిలో పెడితే స్టాక్ పోతుంది. ప్యాడ్ మార్చాక నిలబడే తీరు చూడండి. ఎడమ కాలు ముందుకు, బరువు ముందు కాలి మీద, ముక్కు బొటనవేలికి సూటిగా పైన. తుపాకీని చెంపకి ముందు తెచ్చి తర్వాత భుజానికి ఆనించాలి. తలని తుపాకీ మీదికి వంచకూడదు.

ఆ తర్వాత షెల్. పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి: గుళ్ళ బరువు, వేగం. 7/8 ఔన్సు అన్నీ ఒకటి కాదు. సెకనుకు 1300 అడుగుల పైన పోయేవి చాలా తుపాకుల్ని నడుపుతాయి, ట్రైనింగ్ షెల్స్ అని అమ్మే నిదానపువి నడపవు. ఒక ఔన్సు, 1180 అడుగులు దగ్గర మొదలుపెట్టండి. కొలత కుదిరిన స్టాక్‌తో ఒక ఔన్సు షెల్, కుదరని స్టాక్‌తో 7/8 కన్నా మెత్తగా తగులుతుంది. నా మాట నమ్మక్కర్లేదు, ఆమెనే అడగండి. కొత్త తుపాకీ కాబట్టి తయారీవారి పుస్తకం కూడా ఓసారి తిరగేయండి. ఇనర్షియా రకానికి మొదట్లో కాస్త బరువు షెల్స్ కాల్చమని చాలావాటిలో ఉంటుంది. ఆ పని మీరు చేసిపెట్టండి.

ఇంత చేసినా ఆమెకి తేలిక షెల్సే కావాలనిపిస్తే ఆ తుపాకీ మీరు ఉంచుకుని ఆమెకి గ్యాస్ రకం (పేలిన మందు గ్యాస్ పిస్టన్‌ని తోసి బోల్ట్‌ని నడిపేది) కొనండి. అది భుజం మీద అంతగా ఆధారపడదు, దెబ్బ కూడా మెత్తగా ఉంటుంది. శుభ్రం చేసే పని మాత్రం పెరుగుతుంది.

ప్రశ్న (నేపర్‌విల్, ఇల్లినాయ్): మాస్టారూ, మాది నెల్లూరు జిల్లా. మా నాన్నగారి సింగిల్ బ్యారెల్ తుపాకీకి ఎప్పుడూ కొబ్బరినూనే పూసేవారు, ముప్పై ఏళ్ళు తుప్పు పట్టలేదు. నేనూ నా గ్యాస్ సెమీ ఆటోకి అదే పూస్తున్నాను. ఎండాకాలం బాగానే ఉంటుంది. డిసెంబర్ వస్తే బోల్ట్ నత్తనడక నడుస్తుంది, షెల్స్ కాళ్ళ దగ్గరే పడతాయి. గ్యాస్ తక్కువవుతోందా?

జవాబు: బాబూ, కొబ్బరినూనె 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. నెల్లూరులో ఆ చలి చూడాలంటే సంక్రాంతి తెల్లవారుజామున లేవాలి. నేపర్‌విల్‌లో జనవరి సంగతి మీకు నేను చెప్పాలా? మీ బోల్ట్ తెల్లటి గడ్డలో ఈదుతోంది. పైగా మీ నాన్నగారి తుపాకీలో తనంతట తాను కదిలేదేమీ లేదు. చేత్తో తెరిచి, చేత్తో మూసేది. సెమీ ఆటోలో మీరు మీట నొక్కాక జరిగే పనంతా సన్నటి నూనె పొర మీదే జరగాలి.

తుపాకుల కోసం చేసిన నూనె ఏదైనా సరే తెచ్చుకోండి, చలికాలంలో పల్చటిది. అయితే నూనె మార్చి ఊరుకుంటే సరిపోదు, పాతది మొత్తం వదిలించాలి.

ఫోరెండ్ (ముందు చెయ్యి పట్టుకునే భాగం) విప్పితే మేగజీన్ గొట్టం, దాని మీద పిస్టన్ కనిపిస్తాయి. అక్కడ కొబ్బరినూనె, మసి కలిసి నల్లటి ముద్ద కట్టి ఉంటుంది. వేలితో గీకితే గోరు కింద ఇరుక్కుని రెండు రోజులు పోదు. సాల్వెంట్‌లో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో తోమి, పొడిగుడ్డతో తుడవండి. తర్వాత ఆ గొట్టం మీద నూనె చుక్క వేసి, గుడ్డతో దాదాపు పూర్తిగా తుడిచేయండి. చాలామంది ఇక్కడే ఎక్కువ పోస్తారు. గ్యాస్ వచ్చే చోట నూనె ఎంత ఉంటే అంత మసి పట్టుకుంటుంది. బ్యారెల్ కింద ఉన్న గ్యాస్ రంధ్రాల్లో పైప్ క్లీనర్ దూర్చి తీయండి. డ్రిల్ బిట్ పెట్టి తిప్పకండి. రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువ పోయి బోల్ట్ వెనక గోడని బాదుతుంది.

మీ తుపాకీ ఏ మోడలో రాయలేదు. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 లాంటిదైతే మేగజీన్ గొట్టం మీద ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది, గ్యాస్ పక్కకి పోకుండా ఆపేది అదే. అది చీలినా, శుభ్రం చేసేటప్పుడు ఎక్కడో పడిపోయినా మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి. నాలుగు డబ్బుల వస్తువు. సంచీలో రెండు ఉంచుకోండి.

ఇవన్నీ చేశాకా బోల్ట్ నిదానంగానే మూసుకుంటే స్టాక్ విప్పించి లోపలి స్ప్రింగ్ గొట్టం చూపించండి. వానలో తడిసిన తుపాకుల్లో నీళ్ళు అక్కడికే చేరతాయి. పైకి అద్దంలా మెరుస్తూ లోపల స్ప్రింగ్ ఎర్రటి పొడి రాలుస్తున్న తుపాకులు మా బెంచీ మీదికి ఎన్నో వచ్చేవి. ఎవరూ అటువైపు చూడరు.

ఇక షెల్స్ ఎక్కడ పడుతున్నాయో గమనించడం మంచి అలవాటు, మానకండి. ఆరోగ్యంగా ఉన్న తుపాకీ ఖాళీ షెల్‌ని కొన్ని అడుగుల దూరం విసురుతుంది. ఆ దూరం వారం వారం తగ్గుతుంటే ఇరుక్కోవడం మొదలయ్యే ముందే మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న (కేటీ, టెక్సస్): పాత సెమీ ఆటో కొన్నాను. మేగజీన్‌లో నాలుగు పడతాయని పుస్తకంలో ఉంది. రెండే పడుతున్నాయి, మూడోది అస్సలు దూరదు. మోసపోయానా?

జవాబు: లేదు. మేగజీన్ గొట్టంలో ఒక చెక్క పుల్లో ప్లాస్టిక్ కడ్డీయో ఉంది, అంతే. వలస పక్షుల వేటలో షాట్‌గన్‌లో మొత్తం మూడు షెల్స్‌కి మించి పట్టకూడదన్నది 1935 నుంచీ ఉన్న ఫెడరల్ నిబంధన. మేగజీన్‌లో రెండు, చాంబర్‌లో ఒకటి. పావురాలూ వలస పక్షులే కాబట్టి మీకు అమ్మినాయన ఆ కడ్డీ పెట్టుకున్నాడు. క్లేస్‌కి ఎటూ రెండే వేస్తాం కాబట్టి దాన్ని అలాగే వదిలేయండి. తీసి తీరాలంటే మూత విప్పేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టండి, స్ప్రింగ్ మొహం మీదికి లేస్తుంది.

ప్రశ్న (కారీ, నార్త్ కరోలినా): అన్నయ్యగారూ, నేను ఈ మధ్యే స్పోర్టింగ్ క్లేస్ (క్లేలు రకరకాల దిక్కుల నుంచి వచ్చే ఆట) మొదలుపెట్టాను. నా గుళ్ళు క్లే పైనుంచి పోతున్నాయని వెనక నిలబడ్డ వాళ్ళందరూ అంటున్నారు. పెట్టెలో షిమ్‌లు అని నాలుగైదు ప్లాస్టిక్ బిళ్ళలు వచ్చాయి. ఏది వేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, వెనక నిలబడ్డవాళ్ళు చెప్పేది ఒకటికి నాలుగు రకాలుగా ఉంటుంది. కాగితం ఒక్కటే నిజం చెబుతుంది. మీ రేంజిలో ప్యాటర్న్ బోర్డు ఉందేమో అడగండి. 16 గజాల దూరంలో పెద్ద కాగితం, మధ్యలో ఒక చుక్క. గురిపెట్టి నిదానంగా కాకుండా, మామూలుగా క్లే మీదికి ఎత్తినట్టే ఎత్తి, చెంప ఆనగానే కాల్చండి. నాలుగైదుసార్లు అదే కాగితం మీద. గుళ్ళ గుంపు మధ్య భాగం చుక్క నుంచి ఎంత దూరంలో ఉందో కొలవండి.

దీనికి పాత లెక్క ఒకటుంది. షాట్‌గన్‌కి వెనక సైట్ ఉండదు, మీ కన్నే వెనక సైట్. కన్ను 1/16 అంగుళం పైకి జరిగితే 16 గజాల దగ్గర గుళ్ళు ఒక అంగుళం పైకి పోతాయి. మీ గుంపు నాలుగు అంగుళాలు పైన ఉంటే చెంప ఆనే చోట పావు అంగుళం దించాలి. షిమ్‌లు స్టాక్ మొదట్లో పెట్టి దాని వంపు మార్చే బిళ్ళలు. వాటి మీద అక్షరాలో అంకెలో ఉంటాయి, ఏది ఎంత దించుతుందో మీ మోడల్ పుస్తకంలో పట్టిక ఉంటుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఆ పట్టికలో కొలతలు సాధారణంగా స్టాక్ చివర పై మూల (దాన్నే మడమ అంటారు) దగ్గరవి. చెంప దగ్గర తేడా అంతకన్నా తక్కువ ఉంటుంది. అందుకని ఒక మెట్టు దించి మళ్ళీ కాగితం మీద కాల్చి చూడండి.

బోర్డు లేకపోతే ఇంట్లో చేసే పరీక్ష: ఖాళీ తుపాకీ అని రెండోసారి కూడా చూసుకుని, గోడమీద ఒక చోటు చూస్తూ కళ్ళు మూసి తుపాకీ ఎత్తండి. చెంప ఆనాక కళ్ళు తెరవండి. రిబ్ (బ్యారెల్ పైనుండే సన్నటి బద్ద) పట్టీలాగా పొడుగ్గా కనిపిస్తే కన్ను ఎక్కువ ఎత్తులో ఉంది, పైకి కాలుస్తారు. రిబ్ అసలు కనిపించక రిసీవర్ (బోల్ట్ ఉండే లోహపు పెట్టె) వెనక భాగమే అడ్డొస్తే కన్ను మరీ కింద ఉంది. మధ్య పూస, ముందు పూస (రిబ్ మీద ఉండే చిన్న గుండ్రటి గుర్తులు) ఒకదానిమీద ఒకటి ఎక్కి 8 అంకెలా కనిపిస్తే చాలావరకు కుదిరినట్టే. రిబ్ పక్కకి వాలి కనిపిస్తే అది కాస్ట్ (స్టాక్ పక్కకి వంగిన కొలత) తేడా. కుడిచేతి వాటం వాళ్ళకి స్టాక్ కాస్త కుడికి వంగి ఉండాలి. అదే షిమ్‌ని తిరగేస్తే ఎడమచేతి వాటానికి పనికొస్తుంది.

మీరు కొన్నది ట్రాప్ కోసం చేసిన మోడల్ కాదు కదా? ట్రాప్‌లో క్లే పైకి లేస్తూ పోతుంది కాబట్టి ఆ తుపాకుల్ని కావాలనే ఎత్తుగా కాల్చేలా చేస్తారు. దాన్ని స్పోర్టింగ్ క్లేస్‌కి తెస్తే వెనక నిలబడ్డవాళ్ళు మీకు చెప్పిన మాటే అంటారు.

ఇంకొకటి. షిమ్ ముట్టుకునే ముందు మీ ఏ కన్నుది పెత్తనమో చూసుకోండి. రెండు చేతులూ చాచి అరచేతుల మధ్య చిన్న కంత చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని రెండు కళ్ళతో చూడండి. ఒక్కో కన్నూ మూస్తే ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం కంతలోనే ఉంటుందో ఆ కన్నుది పెత్తనం. కుడి భుజం, ఎడమ కన్ను అయితే ఎన్ని షిమ్‌లు మార్చినా గుళ్ళు పక్కకే పోతాయి. అప్పుడు షూటింగ్ కళ్ళజోడు ఎడమ అద్దం మీద, తుపాకీ ఎత్తినప్పుడు ముందు పూస కనిపించే చోట, చిన్న మసక టేపు ముక్క అంటించండి. ఇప్పుడే మొదలుపెట్టారు కాబట్టి ఎడమ భుజానికి మారడం కూడా కష్టం కాదు. అలవాటు గట్టిపడ్డాక మారడం కష్టం.

షిమ్ మార్చాక స్టాక్ నట్ గట్టిగా బిగించండి. వదులైన స్టాక్‌తో కాలిస్తే అది చీలుతుంది, గుళ్ళూ ఒక్కోసారి ఒక్కో చోటికి పోతాయి.

ప్రశ్న (ప్లేనో, టెక్సస్): బాబాయిగారూ, 100 షెల్స్ చవక పెట్టెలు తెస్తున్నాను. మొదటి యాభై బాగుంటాయి. తుపాకీ వేడెక్కాక ఖాళీ షెల్ చాంబర్‌లోనే పట్టేసుకుంటోంది, కర్రతో పొడిచి తీయాల్సి వస్తోంది. ఈ మధ్య ఒకసారి క్లిక్‌మని పేలలేదు, ఇంకోసారి 'టప్'మని మెల్లగా పేలింది. ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ షెల్‌ని బయటికి లాగే కొక్కెం) పోయిందా?

జవాబు: ముందు ఆ 'టప్' సంగతి. మిగతావన్నీ తర్వాత.

మామూలు చప్పుడు రాలేదంటే మందు సరిగ్గా కాలలేదన్నమాట. గుళ్ళని తోసే ప్లాస్టిక్ వాడ్ బ్యారెల్ మధ్యలో ఉండిపోయి ఉండొచ్చు. అలాంటి షెల్‌కి బోల్ట్ నడవదు. చూసేవాడికి అది మామూలుగా ఇరుక్కున్నట్టే ఉంటుంది, అలవాటుగా హ్యాండిల్ లాగి తర్వాతి షెల్ ఎక్కించి కాల్చేస్తాడు. బ్యారెల్ ఉబ్బేదీ పగిలేదీ అప్పుడే. ఈసారి చప్పుడు తేడాగా వస్తే మూతి రేంజి వైపే ఉంచి, అన్నీ ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి రెండు చివర్ల నుంచీ వెలుగు చూడండి. వెలుగు కనిపించేదాకా ఇంకో షెల్ ముట్టుకోకండి. స్క్వాడ్‌లో వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

క్లిక్‌మన్నప్పుడు కూడా మూతి ముందుకే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. తర్వాత షెల్ తీసి దాని అడుగున ప్రైమర్ (పిన్ తగిలి మందు అంటించే బిళ్ళ) చూడండి. లోతుగా గుంట పడి ఉంటే తప్పు షెల్‌ది. గుంట లేకపోయినా, గోరుగీత అంత ఉన్నా తప్పు తుపాకీది. బోల్ట్ పూర్తిగా లాక్ కాలేదు, లేదా పిన్ దారిలో మురికి ఉంది. ఇనర్షియా రకాల్లో చప్పుడు రాకుండా బోల్ట్‌ని చేత్తో మెల్లగా మూస్తే తల సగమే తిరిగి అక్కడే ఆగుతుంది, పైకి మూసుకున్నట్టే కనిపిస్తుంది. దాన్ని చేత్తో సాగనంపకండి, పూర్తిగా వెనక్కి లాగి వదిలేయండి.

ఇక పట్టేసుకునే షెల్స్. చవక షెల్స్ అడుగున మెరిసే లోహం చాలాసార్లు ఇత్తడి కాదు, ఇత్తడి రంగు పూసిన ఉక్కు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెట్టి చూడండి. ఇత్తడి పేలినప్పుడు వ్యాకోచించి మళ్ళీ సర్దుకుంటుంది. ఉక్కు అంతగా సర్దుకోదు, చాంబర్ గోడని పట్టుకుని ఉండిపోతుంది. చాంబర్‌లో ప్లాస్టిక్, మసి పేరుకుని ఉంటే మరీను. కంచు చాంబర్ బ్రష్‌ని సాల్వెంట్‌లో ముంచి బాగా తిప్పండి, తర్వాత పొడిగా తుడవండి. చాంబర్‌లో నూనె ఉంచకండి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద టూత్‌పిక్ పెట్టి గీకితే నల్లటి పెళ్ళలు వస్తాయి. అవి వచ్చేసినా షెల్ అంచుని కొక్కెం జారవిడుస్తుంటే అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ మార్చండి. దానికి ముందు ఒక పెట్టె ఇత్తడి అడుగు షెల్స్ కాల్చి చూడండి, బహుశా మార్చే పనే పడదు.

మీ ఇంట్లో పిల్లలకి 20 గేజి కూడా ఉందని ఉత్తరం చివర రాశారు. ఒకే సంచీలో రెండు రకాలు వేయకండి. 20 గేజి షెల్ 12 గేజి చాంబర్‌లోంచి ముందుకు జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, వెనకాల 12 గేజి షెల్ హాయిగా పట్టేస్తుంది. ఆ తర్వాత మీట నొక్కినవాడి ఎడమ చెయ్యి మిగలదు. 20 గేజి షెల్స్‌కి పసుపు రంగు వేసేది అందుకే.

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సస్): నేను హెచ్-1బి మీద ఉన్నాను. మిత్రుడి సెమీ ఆటో రేంజిలో ఒకసారి కాల్చి, నా భుజానికి కుదురుతుందో లేదో చూడాలని ఉంది. కొనను, చూస్తానంతే. ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ షెల్స్ గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం, 922(జి)(5)(బి), నిషేధిస్తుంది. కొనకపోయినా, ఒక్క గంట చేతిలో పట్టుకున్నా చట్టం దృష్టిలో దగ్గరున్నట్టే. మినహాయింపులున్నాయి. మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. టెక్సస్‌లో అది తీసుకోవాలంటే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంటుంది. ఇక్కడి ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది, చాలామంది మరిచిపోయేది అదే. లైసెన్స్ చేతికొచ్చాక, మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడిగాక వెళ్ళండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

ప్రశ్న (ఓవర్‌ల్యాండ్ పార్క్, కాన్సస్): ఎస్టేట్ సేల్‌లో బెల్జియం బ్రౌనింగ్ ఆటో-5, 16 గేజి దొరికింది. వీపు మీద మూపురంలా ఉంటుంది, చాలా అందంగా ఉంది. ఫోరెండ్ కర్ర చీలి ఉంది. తుపాకీ భుజాన్ని బాదేస్తోంది. మేగజీన్ గొట్టానికి నూనె బాగా పట్టించాను, ఇంకా ఎక్కువైంది. స్ప్రింగ్ మార్చాలా?

జవాబు: ముందు కాల్చడం ఆపండి. జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంట్ తీసుకున్న ఆ పద్ధతిలో బ్యారెల్, బోల్ట్ రెండూ కలిసి షెల్ పొడవుకి మించి వెనక్కి వస్తాయి. అంత బరువుని ఆపేది స్ప్రింగ్ ఒక్కటే కాదు, మేగజీన్ గొట్టాన్ని బిగించి పట్టుకునే కంచు బ్రేకు కూడా. మీరు నూనె పోసింది ఆ బ్రేకుకే. గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచేయండి, నూనె వాసన మాత్రం మిగిలితే చాలు.

తర్వాత రింగులు. ఫోరెండ్ విప్పితే కంచు ముక్కతో పాటు ఏటవాలు అంచున్న ఉక్కు రింగు కనిపించాలి. బరువు షెల్స్‌కి ఆ రింగు స్ప్రింగ్‌కీ కంచు ముక్కకీ మధ్యన, ఏటవాలు అంచు కంచు ముక్క వైపు ఉండాలి. తేలిక షెల్స్‌కి రింగుని అక్కడ నుంచి తీసి స్ప్రింగ్ కింద, రిసీవర్‌కి ఆనించి పెడతారు. తేలిక అమరికలో బరువు షెల్స్ కాలిస్తే బ్యారెల్ వచ్చి బాదుతుంది, ఫోరెండ్ చీలుతుంది. మీ కర్ర చీలిక కథ ఇదే అయి ఉండాలి. కొన్ని తుపాకుల్లో పాత యజమానులు రింగునే పారేసి ఉంటారు, ఉందో లేదో చూడండి. స్ప్రింగ్ కూడా ఆ వయసుకి అలిసిపోయి ఉంటుంది. ఖరీదు తక్కువే, మార్చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం చాంబర్. పాత 16 గేజి ఆటో-5ల్లో చాంబర్ 2 9/16 అంగుళాలు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే 16 గేజి షెల్స్ 2 3/4. షెల్ పొడవంటే పేలి నోరు విచ్చుకున్నాక ఉండే పొడవు, కాబట్టి కాల్చకముందు లోపలికి పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. పొట్టి చాంబర్‌లో పొడుగు షెల్ పేలితే దాని నోరు విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. మీరన్న బాదుడుకి ఇదీ కారణం కావచ్చు. దగ్గర్లో గన్‌స్మిత్ చేత చాంబర్ గేజితో కొలిపించండి. కొలత, ఇప్పుడు రింగులు ఏ వరసలో ఉన్నాయో ఒక ఫోటో పంపితే ఏ షెల్స్ కొనాలో వచ్చే సంచికలో రాస్తాను.